ఉప్పు నా మాట వినదు

నేను ఒక గింజను. మొలకెత్తడానికి పనికొచ్చే వయసు దాటిపోయిన గింజను, తినడానికి ఎవరూ ఇష్టపడని గింజను, నీళ్ళకుండ పక్కన కూర్చుని రోజూ ఇంత అరిగిపోయే గింజను. పేరు చిల్లగింజ. కొన్ని ఊళ్ళలో ఇందుపగింజ అంటారు. చొక్కా బొత్తామంత ఉంటాను, కాస్త ఉబ్బుగా, లేత పసుపు రంగులో, ఒంటినిండా మెత్తని నూగుతో. మీ ఇంట్లో కుళాయికి ఫిల్టరు బిగించుకున్న నాటి నుంచి మీరు నన్ను మరిచిపోయారు. మరిచిపోతే పోయారు, నాకేం కోపం లేదు. కొంచెం ఉంది కానీ అది తర్వాత మాట్లాడుకుందాం.

పుట్టింది మన్యం కొండల్లో. మా చెట్టుకి నల్లటి పళ్ళు కాస్తాయి. ఆ గుజ్జు పిట్టలకీ పిల్లలకీ ఇష్టం. గుజ్జు పోయాక మిగిలేది నేను. ఒకావిడ మమ్మల్ని ఏరి, వాగులో కడిగి, చాప మీద ఆరబోసి, సంత రోజున నెత్తిన పెట్టుకుని కొండ దిగింది. సంతలో కొన్న వ్యాపారి మమ్మల్ని కుంకుడుకాయల బస్తాతో కలిపి లారీ ఎక్కించాడు. ఆ ప్రయాణం సంగతి అడక్కండి. కుంకుడుకాయలు దారి పొడుగునా గలగలమని మాట్లాడుతూనే ఉన్నాయి. అలా బందరు చేరి, ఒక మూలికల కొట్లో కరక్కాయలకీ పిప్పళ్ళకీ మధ్య సీసాలో స్థిరపడ్డాను.

ఆ కొట్టు శెట్టిగారు నోరున్న మనిషి. అడిగినవాళ్ళకి అడిగినట్టు నన్ను పొగిడేవారు. కళ్ళకి మంచిదని ఒకరితో, కడుపుకి మంచిదని ఇంకొకరితో, పసిపిల్లలకి దిష్టి తగలదని మరొకరితో. నేను సీసాలోంచి వింటూ సిగ్గుపడేదాన్ని. నాకొచ్చిన పని ఒక్కటే కదా! మనుషులకి ఇదొక అలవాటు. ఎవరైనా ఒక పని బాగా చేస్తే చాలు, మిగతా పనులన్నీ కూడా వాళ్ళకే అంటగడతారు. అప్పట్లో ఆ అలవాటు నాకు నవ్వులాటగా ఉండేది. అది రెండు గుండెల్ని ఎలా విరిచేస్తుందో తర్వాత గాని తెలియలేదు.

నన్ను కొన్నది నాంచారమ్మ. సముద్రం వినబడేంత దగ్గరలో ఉన్న సరుగుడుపాలెం ఆవిడ ఊరు. కాలవ శివారు గ్రామం. అంటే కాలవ నీళ్ళు పై ఊళ్ళన్నీ తాగి, తడిపి, కడుక్కున్నాక ఆఖరున వచ్చే చోటు. అక్కడి హైస్కూల్లో పిల్లలకి మధ్యాహ్న భోజనం వండేది నాంచారమ్మ, ఆమె తోడికోడలు తిరుపతమ్మ. వానాకాలంలో కాలవకి కొత్తనీరు వస్తే టీ రంగులో ఉంటుంది. ఆ నీళ్ళని వంటకి పనికొచ్చేలా చేయడానికి మమ్మల్ని ఓ చిన్న గుడ్డసంచిలో గుప్పెడు తెచ్చిపెట్టుకుంది.

నా పనేమిటో చెప్తాను, కాస్త ఓపిగ్గా వినండి. బురదనీళ్ళని మీరు ఒక వస్తువు అనుకుంటారు. కాదు, అది ఒక గుంపు. నీళ్ళు వేరు, అందులో తేలే మట్టి వేరు. రెండూ పక్కపక్కన ఉంటున్నాయంతే, ఒకటైపోలేదు. పెద్ద ఇసకరేణువులైతే వాటంతటవే అడుక్కి దిగుతాయి. సన్న బంకమట్టి మాత్రం దిగదు. ఆ రేణువులకి ఒకదానికొకటి పడదు. పెళ్ళిలో ఎడమొహం పెడమొహంగా తిరిగే చుట్టాల్లా దూరందూరంగా తేలుతుంటాయి. నన్ను సాన మీద చారెడు నీళ్ళతో అరగదీసి ఆ గంధాన్ని బానలో కలిపితే నేను ఒక్కొక్కదాని దగ్గరికీ వెళ్ళి చెయ్యి పట్టుకుని కూడగడతాను. గుంపు కట్టగానే బరువెక్కుతాయి, బరువెక్కగానే అడుక్కి దిగుతాయి. పైన తేటనీరు, అడుగున మడ్డి. బాన కదపకుండా పై నీళ్ళు మెల్లగా ఒంపుకుంటే సరి.

ఇక ఉప్పు సంగతి. ఉప్పు అలా కాదు. నీళ్ళలో పడ్డ ఉప్పు రేణువు రేణువుగా కాదు, అంతకన్నా చిన్నగా, కంటికి ఆనకుండా చీలిపోయి నీళ్ళలో నీళ్ళలా కలిసిపోతుంది. అక్కడ నాకు పట్టుకోవడానికేమీ దొరకదు. నేను పిలిస్తే మట్టి వస్తుంది. ఉప్పు మాత్రం నా వైపు తిరిగి కూడా చూడదు. ఈ సంగతి నాకు నీళ్ళలో దిగిన మొదటిరోజే తెలుసు. నాంచారమ్మకే తెలియదు.

నాంచారమ్మ భారీ మనిషి, గొంతు కూడా భారీయే. వంటింట్లో ఆవిడ నియమాలు ఆవిడకున్నాయి. పిల్లలు తినే అన్నం దేవుడికి పెట్టే అన్నంతో సమానమనీ, వండుతూ రుచి చూస్తే ఎంగిలవుతుందనీ ఆవిడ నమ్మకం. అందుకని ఏనాడూ గరిటె నాలిక్కి తాకనివ్వలేదు. కుడిచేతి గుప్పెడే కొలత. ఉడుకుతున్న పప్పు మీద ఆ గుప్పెడు ఒకసారి గుండ్రంగా తిప్పి ఉప్పు వదిలేసేది. పిల్లలు వేళ్ళు నాక్కునేవాళ్ళు.

తిరుపతమ్మ సన్నగా, చురుగ్గా ఉండేది. నోట్లోంచి ఏదో ఒక వేళాకోళం రాకుండా ఆమెకి పొద్దు గడవదు. ఇద్దరూ ఒకే ఇంటికి కోడళ్ళుగా వచ్చారు, ఒకే గోడకి అటూ ఇటూ కాపురాలు. సాయంత్రం బడినుంచి వెళ్ళాక నాంచారమ్మ అరుగు మీద కూర్చుని తిరుపతమ్మకి తల దువ్వి జడ వేసేదట. సొంత అక్కచెల్లెళ్ళే అలా ఉండరని ఊళ్ళో అనుకునేవారు. సంచిలోంచి వాళ్ళ మాటలు వింటూ నేనూ మురిసిపోయేదాన్ని.

ఆ ఏడాది కాలవకి నీళ్ళు ఆలస్యమయ్యాయి. బడి ఆవరణలో కొత్తగా బోరు వేయించారు. పిల్లలు తాగడానికి ఎవరి సీసా వాళ్ళు ఇంటినుంచి తెచ్చుకునేవాళ్ళు. కాబట్టి బోరు నీళ్ళు వంటకే. ఎర్రటి సన్నమట్టితో వచ్చేవి. నాంచారమ్మ నన్ను అరగదీసింది, బానలో కలిపింది, కాసేపటికి నీళ్ళు తేరుకున్నాయి.

"చూడవే తిరపతమ్మా, మొకం చూసుకోవచ్చు. బొట్టు సరిగ్గా ఉందో లేదో కూడా కనపడతంది" అంది నాంచారమ్మ.

"నీ బొట్టు కోసం బాన కావాలక్కా, చెంబు చాలదు" అంది తిరుపతమ్మ. ఇద్దరూ నవ్వుకున్నారు.

మొదట్లో బోరు నీళ్ళు మంచివే. కానీ సముద్రం పక్కన భూమిలో తియ్యనీళ్ళు ఒక పలచటి పొరలా ఉంటాయి. రోజూ మోటారు పెట్టి తోడుతుంటే కిందనున్న ఉప్పునీళ్ళు మెల్లమెల్లగా పైకి వస్తాయి. వచ్చాయి. నా ఒంటికి తెలుస్తూనే ఉంది. నిన్నటికన్నా ఇవాళ, ఇవాళ్టికన్నా రేపు. కానీ గింజ మాట ఎవరు వింటారు? పైకి మాత్రం నీళ్ళు అద్దంలానే ఉన్నాయి, నా ధర్మమా అని.

పిల్లలు మొహాలు ముడిచారు. వంట దించాక ఒక టీచరు ముందుగా రుచి చూడాలన్నది బడి నియమం. ఆ వారం వంతు వచ్చిన టీచరమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని గబగబా నీళ్ళు తాగారు. "నాంచారమ్మగారూ, ఉప్పు కాస్త చూసి వేయండి" అన్నారు. నాంచారమ్మకి అంతవరకు ఎవరూ ఆ మాట చెప్పలేదు. మర్నాడు గుప్పెడు సగం చేసింది. అయినా అదే మాట. ఆ మర్నాడు చిటికెడు వేసింది. "ఇవాళ మరీ ఎక్కువైందండీ" అన్నారు టీచరమ్మ.

తను వేసింది చిటికెడు. పప్పులో ఉన్నది గుప్పెడు. మరి మిగతాది ఎవరు వేసినట్టు? వంటింట్లో ఉండేది ఇద్దరే. నాంచారమ్మ లెక్క అక్కడికి వచ్చి ఆగింది. ఆ రోజే తిరుపతమ్మ ఉప్పు జాడీ దగ్గర నిలబడి కనబడింది.

"ఏమే, నేనేసిన దాని మీద మళ్ళీ నువ్వేత్తన్నావా ఏంటి?"

"నేనెందుకేత్తానక్కా? జాడీ మీద మసి పడితే తుడుత్తన్నా."

"తుడిచేదానివి మూతెందుకు తీశావ్?"

"ఎంతుందో చూద్దామని. నువ్వే రెండుసార్లేసి మర్చిపోతన్నావేమో! వయసు మీద పడతంది కదా."

తిరుపతమ్మ ఎప్పటిలాగే వేళాకోళమాడింది. ఎప్పుడైనా అయితే నాంచారమ్మ గరిటె ఎత్తి బెదిరించి నవ్వేసేది. ఆ రోజు నవ్వలేదు. చేతిలోని గరిటె గట్టు మీద పెట్టేసి, "అయితే ఇయ్యాల్టి నుంచి నువ్వే ఏసుకో. నేను ఆ జాడీ ముట్టను" అంది. తిరుపతమ్మ మొహం మాడిపోయింది. "నాకొద్దు. నేనూ ముట్టను" అని ఉల్లిపాయల బుట్ట ముందుకెళ్ళి కూర్చుంది. ఉల్లిపాయలు తరుగుతోంది కాబట్టి కళ్ళనీళ్ళకి వేరే కారణం చెప్పక్కర్లేకపోయింది.

ఆ తర్వాత జరిగిన విచిత్రం వినండి. పప్పులో ఎవరూ ఉప్పు వేయడం లేదు. చాటుగా అవతలామె వేస్తోందని ఇద్దరికీ గట్టి నమ్మకం. పప్పేమో రోజురోజుకీ ఉప్పెక్కుతోంది. అరుగు మీద జడలు ఆగిపోయాయి. వంటింట్లో గిన్నెలు తప్ప ఎవరూ మాట్లాడటం లేదు. తిరుపతమ్మ ఒకసారి అలవాటు చొప్పున "అక్కా" అని నోరు తెరిచి, గుర్తొచ్చి మూసేసుకుంది. సంచిలో ఉన్న నాకు ప్రాణం ఉసూరుమంది.

సంగతి హెడ్మాస్టరు రంగనాయకులుగారి దాకా వెళ్ళింది. ఆయన కఠినమైన మనిషి కాదు, కానీ ఎదుటివాళ్ళు గొడవపడితే ఆయనకి తలనొప్పి వస్తుంది. వంటగది గుమ్మం దగ్గరికి వచ్చి ఇద్దరినీ పిలిచారు.

"శుక్రవారం బడి కమిటీ ఉందమ్మా. ఎవరు వేస్తున్నారో ఈలోపు మీరే తేల్చుకోండి. తేలకపోతే ఒకర్ని మానిపించమంటారు. తర్వాత వచ్చినామెనే కదా మానిపిస్తారు" అన్నారు.

ఇద్దరిలో పనిలో తర్వాత చేరింది తిరుపతమ్మ. ఆమె మొగుడికి వేటకి వెళ్ళిన రోజు చేపలుంటాయి, వెళ్ళని రోజు ఏమీ ఉండదు. బడి జీతం ఒక్కటే నెల నెలా వచ్చేది. అది నాంచారమ్మకి అందరికన్నా బాగా తెలుసు.

"నీళ్ళలో ఏమన్నా తేడా ఉందేమో" అని హెడ్మాస్టరుగారు ఒక మాట అడిగారు కూడా. ఆ మాటకి సంచిలో నేను ఎగిరి గంతేశాను.

"నీళ్ళకేమండీ, బంగారం లాంటి నీళ్ళు. చిల్లగింజేత్తన్నాం" అంది నాంచారమ్మ.

"అద్దంలా ఉంటాయండీ" అంది తిరుపతమ్మ.

అన్నాళ్ళ తర్వాత ఇద్దరూ కలిసి ఒప్పుకున్న మాట అదొక్కటే. అదే తప్పు! శెట్టిగారి కొట్లో విన్న పొగడ్తలన్నీ ఒక్కసారిగా నా నెత్తిన పడ్డట్టయింది. కంటికి తేటగా కనబడితే నీళ్ళలో ఇంకేమీ లేనట్టేనని వీళ్ళకి ఎవరు చెప్పారు? నేను చెప్పలేదు. కానీ నా మీద నమ్మకంతోనే ఒకామె ఉద్యోగం పోబోతోంది. ఎలాగైనా ఎవరో ఒకరు నన్ను పరీక్షించి ఓడిస్తే బాగుండునని ఆ రోజంతా అనుకున్నాను.

ఆ పుణ్యం దీవెన కట్టుకుంది. ఏడో తరగతి పిల్ల. సైన్సు చెప్పే బాజీ మాస్టారు అప్పుడు మిశ్రమాల పాఠం చెప్తున్నారు. బియ్యంలో రాళ్ళు ఏరడం, పిండి జల్లెడ పట్టడం, టీ వడకట్టడం అన్నీ అయ్యాయి. భోజనాల వేళ పప్పు ఉప్పగా ఉందని దీవెన వట్టి అన్నం తినబోయి ఆగింది. కంచం పట్టుకుని తిన్నగా మాస్టారి దగ్గరికి వచ్చింది. వంటగది కిటికీ పక్కనే కాబట్టి నాకు అంతా వినబడింది.

"సార్, అన్నం కూడా ఉప్పగా ఉంది సార్."

"పప్పు తగిలిందేమో."

"తగల్లేదు సార్. పక్కన పెట్టించుకున్నా. అన్నంలో ఎవరూ ఉప్పెయ్యరు కదా సార్?"

బాజీ మాస్టారు ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపేశారు. ఆయన మొహం చూడాలి మీరు! పోయిన వస్తువు దొరికినవాడిలా వెలిగిపోయింది. "ఎయ్యరు. అత్తగారి మీద కోపంతో కూడా ఎవరూ అన్నంలో ఉప్పెయ్యరు" అన్నారు. తర్వాత కంచంలోంచి వట్టి అన్నం నాలుగు మెతుకులు తీసుకుని నెమ్మదిగా నమిలారు. మెతుకులు నోట్లో ఉండగానే, "దీవెనా, ఇవాళ పాఠం లేదు. పని ఉంది" అన్నారు.

మధ్యాహ్నం తరగతిలో ఆయన బోర్డు మీద ఒకే ఒక్క ప్రశ్న రాశారట. ఉప్పు ఎక్కడి నుంచి వస్తోంది? పిల్లలు తలో మాటా అన్నారు. బియ్యమే అలాంటిదని ఒకడు, కంచాలు సరిగ్గా కడగడం లేదని ఒకతె, నీళ్ళలో ఉందని దీవెన. "ఇవన్నీ ఊహలు. ఊహకి దండేసి కూర్చోపెట్టకూడదు. నిలబెట్టి ప్రశ్నలడగాలి" అని ఆయన అన్నారట. ఒకడు లేచి నీళ్ళు తాగి చూస్తే సరిపోతుంది కదా అన్నాడు. సరే అని తలో గుక్కా చప్పరించారు. సగంమంది ఉప్పగా ఉందన్నారు, సగంమంది లేదన్నారు. ఇళ్ళలో కాస్త ఉప్పదనం ఉన్న నీళ్ళకి అలవాటుపడ్డ నాలుకలకి తేడా తెలియలేదు. ఒకరి నాలుక సాక్ష్యం ఇంకొకరికి చెల్లదని అలా తేలింది.

ఆ తర్వాత పిల్లలంతా నా కోసం వంటగదికి వచ్చారు.

"చిల్లగింజా? తీసుకెళ్ళండి బాబూ. ఈ బళ్ళో సరిగ్గా పనిచేసేది అదొక్కటే" అంది నాంచారమ్మ, తిరుపతమ్మకి వినబడేలా. తిరుపతమ్మ వినబడనట్టు బియ్యం చెరిగింది.

సంచిలోంచి దీవెన నన్నే తీసింది, నేనే పెద్దదాన్ని కాబట్టి. బోరు నీళ్ళు ఒక బకెట్లో నన్ను అరగదీసి తేర్చారు. నా శాయశక్తులా పనిచేశాను. ఓడిపోవాలనుకున్నానని పనిలో వంచన చేస్తే అది పరీక్ష కాదు కదా. మట్టినంతా కూడగట్టి అడుక్కి దింపేశాను. నీళ్ళు మెరిసిపోయాయి.

డాబా మీద మూడు స్టీలు పళ్ళేలు పెట్టారు. ఒకదాంట్లో నేను తేర్చిన బోరు నీళ్ళు. రెండోదాంట్లో నన్ను వేయని బోరు నీళ్ళు. మూడోదాంట్లో వాన నీళ్ళు, ముందురోజు వానకి దీవెన వాళ్ళ వాకిట్లో గిన్నె పెట్టి పట్టినవి. మొదటిసారి ఒక కుర్రాడు హుషారుగా ఎంతపడితే అంత పోసేశాడు. మాస్టారు అన్నీ పారబోయించారు. ఒకే సైజు పళ్ళేలు, ఒకే గ్లాసుతో కొలిచిన నీళ్ళు, పక్కపక్కనే ఒకే ఎండలో ఉండాలన్నారు. లేకపోతే తేడా వచ్చినప్పుడు ఎవరిని పట్టుకోవాలో తెలియదన్నారు. నన్ను పిట్టగోడ మీద కూర్చోబెట్టారు. నా భవిష్యత్తు మూడు పళ్ళేల్లో ఎండుతుంటే చూస్తూ కూర్చున్నాను.

సాయంత్రం పళ్ళేలు గదిలో పెట్టి, పొద్దున్నే మళ్ళీ ఎండలో పెట్టారు. ఆ రోజు గురువారం. మర్నాడే కమిటీ. మధ్యాహ్నానికి నీళ్ళన్నీ ఇగిరిపోయాయి. మాస్టారు వంటగదికి కబురుపెట్టారు. నాంచారమ్మ చేతులు తుడుచుకుంటూ మెట్లెక్కి వచ్చి ఇటు నిలబడింది. తిరుపతమ్మ వచ్చి అటు నిలబడింది. మధ్యలో ఏడో తరగతి మొత్తం ఉంది.

నన్ను వేయని పళ్ళెంలో ఎర్రటి పొర, దాని మీద తెల్లటి పలుకులు. నేను తేర్చిన పళ్ళెంలో ఎరుపు లేదు. కానీ తెల్లగా, ముగ్గుపిండి చల్లినట్టు, ఎండలో తళతళమంటూ ఉప్పు ఉంది. వాన నీళ్ళ పళ్ళెం ఖాళీ.

పిల్లలు ఓహో అని అరిచారు. నాంచారమ్మ అరవలేదు. పళ్ళేలకేసి తేరిపార చూసింది, సముద్రం వైపు చూసింది.

"మాస్టారూ, ఇక్కడ గాలే ఉప్పు. మా ఇంటి తలుపు గడియలు గాలికే తుప్పట్టిపోతాయి. డాబా మీద రెండు రోజులు మూతెట్టకుండా పెట్టారు. గాలికొచ్చిన ఉప్పు కాదని ఎట్టా చెప్తారు?"

నాకే గుబులు పుట్టింది. మాస్టారు మాత్రం నొచ్చుకోలేదు. "మంచి ప్రశ్నమ్మా. అడగాల్సిన ప్రశ్నే. ఎవరు చెప్తారు?" అని పిల్లలకేసి తిరిగారు.

దీవెన వాన నీళ్ళ పళ్ళెం రెండు చేతులా ఎత్తి నాంచారమ్మకి చూపించింది. "పెద్దమ్మా, ఇది కూడా అదే గాలిలో ఉంది కదా. గాలికొచ్చుంటే దీంట్లో కూడా ఉండాలి కదా!"

నాంచారమ్మ ఆ పళ్ళెంలో వేలు పెట్టి రాసింది. వేలికి ఏమీ అంటలేదు. తర్వాత నా పళ్ళెం దగ్గరికి వచ్చి ఆ తెల్లటి పొడిలో వేలు ముంచింది. కాసేపు ఆ వేలికేసే చూసింది. వంటింట్లో ఏనాడూ రుచి చూడని ఆ మనిషి వేలు నాలుక మీద పెట్టుకుంది.

"ఉప్పే" అంది. ఆ భారీ గొంతు ఎక్కడికి పోయిందో, ఆ ఒక్క మాటా గాలిలో కలిసిపోయేంత చిన్నగా వచ్చింది.

మాస్టారు మిగతాది విడమర్చి చెప్పారు. ఉప్పు నీళ్ళలో కరిగి ఉంది కాబట్టి కనబడలేదు. పప్పు ఉడికేకొద్దీ నీళ్ళు ఆవిరై పోతాయి, ఉప్పు పోదు, అక్కడే చిక్కబడుతుంది. అందుకే చేతిలో నీళ్ళకన్నా కంచంలో పప్పు ఎక్కువ ఉప్పగా ఉంది. అన్నం కూడా ఆ నీళ్ళే పీల్చుకుంది.

"మరి గింజ పనిచెయ్యలేదా మాస్టారూ?" అంది తిరుపతమ్మ. హెడ్మాస్టరుగారికి జవాబు చెప్పాక ఆమె నోటినుంచి వచ్చిన మొదటి మాట అదే.

"ఎందుకు చెయ్యలేదమ్మా? ఎరుపంతా తీసేసింది చూడు. తేలే మట్టిని పట్టడం దాని పని. కరిగిన ఉప్పుని పట్టడం దాని పని కాదు. మనమే దానికి లేని పని అంటగట్టాం."

నాకు కాళ్ళూ చేతులూ లేవు కానీ ఉంటే ఆ మాస్టారి కాళ్ళకి మొక్కేదాన్ని. పుట్టి బుద్ధెరిగాక నా గురించి ఎవరో ఎక్కువా తక్కువా కాకుండా చెప్పడం అదే మొదటిసారి. అందరి ముందూ ఓడిపోయి అంత సంతోషపడ్డ గింజ భూమ్మీద ఇంకోటి ఉండదు.

శుక్రవారం కమిటీలో మూడు పళ్ళేలూ బల్ల మీద పెట్టారు. కమిటీ ఛైర్మన్‌గారు కూడా వేలు ముంచి చప్పరించి, మీసం తుడుచుకుని, ఎవర్నీ మానిపించేది లేదన్నారు. కాలవ నీళ్ళతో నిండే ఎగువ ఊరి చెరువు నుంచి రోజూ ట్రాక్టరు ట్యాంకుతో నీళ్ళు తోలించడానికి ఒప్పుకున్నారు. బోరు నీళ్ళు ఇక గిన్నెలు కడగడానికి మాత్రమే.

అంతా సుఖాంతమేనని మీరు అనుకుంటారు. నేనూ అనుకున్నాను. కానీ ఆ సాయంత్రం కూడా ఇద్దరూ చెరో దారినే ఇంటికి వెళ్ళారు. తప్పు నీళ్ళదని తేలింది సరే, అన్న మాటలు నీళ్ళవి కావు కదా. ఎవరు ముందు పలకరించాలన్నది ఏ పళ్ళెంలోనూ తేలలేదు. తిరుపతమ్మకి ఉద్యోగం నిలిచింది, అక్క తిరిగి రాలేదు.

ఇప్పుడు నేను సైన్సు గది బీరువాలో ఒక గాజుసీసాలో ఉంటున్నాను. అరిగి అరిగి కందిగింజంత అయ్యాను. మిశ్రమాల పాఠం వచ్చినప్పుడు బాజీ మాస్టారు నన్ను బయటికి తీసి, నాకు ఏది వచ్చో, ఏది రాదో రెండూ చెప్తారు. సీసా మీద రాసిన పేరు కన్నా ఆ రెండో మాట వినడం నాకిష్టం. పక్క సీసాలో ఒక అయస్కాంతం ఉంది. తను ఇనుమునే తప్ప ఇత్తడిని లాగలేనని అది రోజూ బెంగపడేది. నా కథ చెప్పాక కుదుటపడింది. అయితే ఈ బీరువాలోకి రాకముందు నేను వంటింట్లో చూసిన ఒక రోజు సంగతి ఇంకా మీకు చెప్పలేదు.

అది సోమవారం. ట్రాక్టరు నీళ్ళు వచ్చిన మొదటి రోజు. పైన కురిసిన వానలకి మంచి ఎర్రగా, బురద బురదగా వచ్చాయి, చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నాంచారమ్మ మాట్లాడకుండా అరగదీసింది, తిరుపతమ్మ మాట్లాడకుండా బానలో కలిపింది. నేను నా పని చేశాను. అన్నం వండారు, పప్పు వండారు, పోపు ఘుమఘుమలాడింది. పిల్లలు కంచాలతో వరసకట్టారు. ఆ రోజు రుచి చూసే వంతు బాజీ మాస్టారిది. ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని అలాగే ఉండిపోయారు.

"ఏమైంది మాస్టారూ?" అంది నాంచారమ్మ. "మళ్ళీనా?"

"లేదమ్మా. అసలు లేదు. ఉప్పు లేదు. చప్పగా ఉంది."

నాంచారమ్మ గిర్రున తిరిగి తిరుపతమ్మకేసి చూసింది. తిరుపతమ్మ నాంచారమ్మకేసి చూసింది.

"నువ్వెయ్యలేదా?"

"నువ్వేసుంటావనుకున్నానక్కా."

"నేను జాడీ ముట్టనన్నాగా! నువ్వు ఏత్తన్నావేమో అనుకున్నా."

"నేనూ ముట్టనన్నాగా!"

"అయితే ఇన్నాళ్ళూ..."

"ఇన్నాళ్ళూ ఎవరూ వెయ్యలేదక్కా!"

ముందు తిరుపతమ్మ నవ్వింది. ఆపుకోవాలని పమిట నోటికి అడ్డంపెట్టుకుంది గానీ ఆగలేదు. తర్వాత నాంచారమ్మ నవ్వింది. ఆ మనిషి నవ్వితే గిన్నెలు కదులుతాయి. నవ్వుతూ నవ్వుతూ గట్టు పట్టుకుని ఏడ్చేసింది. "నిన్ను అనరాని మాటన్నానే" అంది. తిరుపతమ్మ, "నేను మాత్రం తక్కువన్నానా? ముసలైపోయావన్నాను" అంది. వరసలో పిల్లలు కంచాలు వాయిస్తున్నారు. బాజీ మాస్టారు కిటికీలోంచి కొబ్బరిచెట్లకేసి చాలా శ్రద్ధగా చూస్తున్నారు.

నాంచారమ్మ కళ్ళు తుడుచుకుని జాడీ మూత తీసింది. గుప్పెడు తీసి, పప్పు మీదికి వెళ్ళబోయిన చెయ్యి మధ్యలో ఆపి, తిరుపతమ్మ అరచేయి లాక్కుని అందులో సగం పోసింది.

"నాక్కొలత తెలీదక్కా" అంది తిరుపతమ్మ.

"నేర్చుకో. ముసలైపోతన్నాగా."

తిరుపతమ్మ తన వాటా వేసింది. నాంచారమ్మ తన సగం వేసింది. మరీ తక్కువ వేసినట్టనిపించి ఇంకొంచెం వేసింది. అది చూసి తిరుపతమ్మ కూడా ఇంకాస్త వేసింది. పిల్లలు తిన్నారు, మాస్టర్లు తిన్నారు, ఆ రోజు మొదటిసారిగా ఇద్దరు వంటవాళ్ళూ ఒకే కంచంలో పెట్టుకుని తిన్నారు. పప్పులో ఉప్పు కాస్త ఎక్కువైంది. ఎవరు వేశారని మాత్రం ఎవరూ అడగలేదు.